విదేశీ బేస్‌లో తోటి సోల్జర్ చనిపోతే యూనిట్ తరఫున వీడ్కోలు ఎలా జరపాలి

అమెరికన్ ఆర్మీలో చేరి కొరియాకో జర్మనీకో కువైట్‌కో పోస్టింగ్ మీద వెళ్ళిన మన తెలుగు వాళ్ళ కోసం రాస్తున్నా ఇది. నేను చాప్లిన్ (సైన్యంలో ఉండే మత గురువు) ఆఫీసులో పని చేస్తాను, రెలిజియస్ అఫైర్స్ స్పెషలిస్ట్ అంటారు, యూనిట్‌లో ఎవరైనా చనిపోతే మెమోరియల్ పనుల్లో సగం మా టేబుల్ మీదకే వస్తాయి. ట్రైనింగ్‌లో సెల్యూట్ ఎలా కొట్టాలో నేర్పిస్తారు గానీ పక్క బంక్‌లో పడుకునే మనిషి చనిపోయిన రోజు ఏం చెయ్యాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, తీరా ఆ రోజు వచ్చాక ఇరవై ఏళ్ళ పిల్లాడి చేతిలో ఒక లిస్టు పెట్టి ఎల్లుండికల్లా అన్నీ రెడీ చెయ్యమంటారు. అందుకే అవసరం పడకముందే చదివి ఉంచుకోండి.

ఒక్క మాట ముందే చెప్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బేస్‌లో జరిగే వీడ్కోలుకి ఇంటివాళ్ళు దాదాపు ఎప్పుడూ రాలేరు. అమ్మా నాన్నా, భార్యా పిల్లలూ ఎక్కడో సముద్రం అవతల ఉంటారు, అంత్యక్రియలు అక్కడ వేరేగా జరుగుతాయి. ఇక్కడ జరిగేది ఆ మనిషితో కలిసి తిన్నవాళ్ళ కోసం, కలిసి నైట్ డ్యూటీ చేసినవాళ్ళ కోసం, ఆ తర్వాత రికార్డింగ్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూసే ఆ ఇంటివాళ్ళ కోసం. కాబట్టి పేరు సరిగ్గా పలకటం, ర్యాంక్ సరిగ్గా రాయటం, ఫోటో సరైనది పెట్టటం ఇవేవీ చిన్న పనులు కాదు, అసలు పని అదే.

మొదటి గంటల్లో ఫోన్ ముట్టుకోకండి

వార్త తెలియగానే చేతులు వాటంతట అవే ఫోన్ మీదకి వెళ్తాయి. ఆపుకోండి. ఇంటికి కబురు చెప్పే పని ఆర్మీది, యూనిఫాంలో ఉన్న ఆఫీసర్ ఒకరు స్వయంగా వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్తారు, ఇంటివాళ్ళకి చెప్పిన తర్వాత కూడా ఇరవై నాలుగు గంటలు గడిచేదాకా పేరు బయటపెట్టరు. యుద్ధానికి దగ్గర్లో ఉండే ఫార్వర్డ్ బేసుల్లో అయితే అందుకోసమే ఇంటర్నెట్టూ ఫోన్లూ మొత్తం కట్ చేసేస్తారు. పెద్ద బేసుల్లో అలా కుదరదు కాబట్టి మన నిగ్రహం మీదే ఆధారపడతారు. మీరు పేరు రాయకపోయినా సరే, ఒక నల్ల రిబ్బన్ బొమ్మ పెట్టినా, ఈరోజు గుండె పగిలింది అని స్టేటస్ పెట్టినా, ఆ బేస్‌లో కొడుకులున్న ప్రతి తల్లీ ఆ రాత్రి నిద్రపోదు. మీ ఇంట్లో వాళ్ళకి కూడా నేను బాగానే ఉన్నా అని మెసేజ్ పెట్టకండి, అది ఒకరి నుంచి ఒకరికి పాకి అరగంటలో ఎవరు బాగాలేరో కనిపెట్టేస్తారు. నాకు ఈ విషయంలో మొహమాటం లేదు, ఎవరైనా ఫోన్ తీస్తే అక్కడికక్కడే చెప్తాను, మీరూ చెప్పండి.

ఆ సమయంలో చెయ్యదగ్గ పనులు వేరే ఉన్నాయి. అతనితో ఎక్కువగా తిరిగినవాళ్ళు ఎవరో చూసి వాళ్ళ పక్కన కూర్చోండి. రూమ్మేట్‌ని ఆ రాత్రి అదే గదిలో ఒంటరిగా పడుకోనివ్వకండి. చాప్లిన్‌తో మాట్లాడింది చాప్లిన్ ఇంకెవరికీ చెప్పరు, కమాండర్ అడిగినా చెప్పరు, ఈ సంగతి కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు కాబట్టి చెప్పి ఉంచండి, వాళ్ళు ఏ మతం వాళ్ళయినా, ఏ మతమూ లేనివాళ్ళయినా.

విమానం దగ్గర

మెమోరియల్ కంటే ముందు వచ్చేది ఇదే, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే, అదీ అర్ధరాత్రి పూటో తెల్లవారుజామునో, ఎందుకంటే విమానం ఎప్పుడుంటే అప్పుడే. దీన్ని రాంప్ సెరిమనీ అంటారు. విమానం వెనక తలుపు తెరిచి ఉంటుంది, అక్కడి నుంచి రెండు వరసలుగా జనం నిలబడతారు, మధ్యలోంచి జెండా కప్పిన ట్రాన్స్‌ఫర్ కేస్‌ని, అంటే భౌతికకాయం ఉన్న పెట్టెని, క్యారీ టీం మోసుకెళ్తుంది. అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్‌లో అయితే బేస్ మెయిన్ రోడ్డు పొడుగునా వేలమంది వచ్చి నిలబడేవాళ్ళు, డ్యూటీ దిగినవాళ్ళు, వంటవాళ్ళు, మెకానిక్‌లు, ఆ మనిషిని ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా. ఆ రోడ్డు పేరు కూడా 2002లో అదే బేస్‌లో చనిపోయిన ఒక సైనికుడిదే, డిస్నీ డ్రైవ్ అని.

మీరు వరసలో ఉంటే పని తక్కువే, అటెన్షన్‌లో నిలబడాలి, కేస్ మీ ముందుకి వస్తున్నప్పుడు కమాండ్ ప్రకారం సెల్యూట్ చెయ్యాలి, ఆ సెల్యూట్ మామూలుగా కొట్టినట్టు టక్కున కాదు, చెయ్యి పైకి వెళ్ళటానికి మూడు సెకన్లు, దిగటానికి మూడు సెకన్లు. ఫోన్ జేబులో కూడా వద్దు, రూంలో వదిలేసి రండి.

క్యారీ టీంలో ఉంటే మాత్రం ప్రాక్టీస్ తప్పనిసరి. ఖాళీ కేస్‌లో బరువులు పెట్టి, అదే దూరం, అదే రాంప్ వాలు మీద నడిచి చూడండి. లోపల ఐస్ ఉంటుంది కాబట్టి అనుకున్న దానికంటే బాగా బరువుంటుంది, ఎత్తు సమానంగా ఉన్నవాళ్ళని ఎదురెదురుగా పెట్టకపోతే వాలు ఎక్కేటప్పుడు ఒక పక్కకి వంగిపోతుంది. పాదాల వైపు ముందుగా నడుస్తారు. జెండాలో నక్షత్రాలున్న నీలం భాగం తల వైపు, చనిపోయిన మనిషి ఎడమ భుజం మీదకి వచ్చేలా ఉండాలి, కప్పాక ఒకరు కాకుండా ఇద్దరు చూడండి. జెండా నేలకి తగలకూడదు, గాలి ఎక్కువగా ఉంటే ముందే ఎలాస్టిక్ బ్యాండ్ వేసి బిగిస్తారు.

యుద్ధ ప్రాంతం నుంచి బయల్దేరినాయన అమెరికాలో డెలావేర్‌లోని డోవర్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌కి చేరతాడు. అక్కడ జరిగేదాన్ని డిగ్నిఫైడ్ ట్రాన్స్‌ఫర్ అంటారు, కుటుంబం అక్కడిదాకా రావొచ్చు, మీడియాని రానివ్వాలా వద్దా అనేది 2009 నుంచి కుటుంబం ఇష్టమే. అంతకు ముందు 1991 నుంచి ఫోటోలకే పర్మిషన్ లేదు. కుటుంబం నిర్ణయం ఏంటో మనకి ఇక్కడ తెలియదు కదా, రాంప్ దగ్గర ఫోటో తీయకూడదనటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అతని గది, అతని వస్తువులు

గదికి తాళం పడుతుంది. వస్తువులన్నీ లెక్క రాసి, ప్యాక్ చేసి పంపటానికి కమాండర్ ఒక ఆఫీసర్‌ని నియమిస్తారు, యుద్ధ ప్రాంతంలో అయితే అవన్నీ డోవర్‌లో ఉన్న పర్సనల్ ఎఫెక్ట్స్ డిపోకి వెళ్ళి అక్కడి నుంచి ఇంటికి చేరతాయి. కాబట్టి గుర్తుగా ఉంటుందని టోపీ తీసుకోవటం, అతనికి నేనిచ్చిన హెడ్‌ఫోన్సే కదా అని వెనక్కి తెచ్చుకోవటం చెయ్యకండి. నిజంగా మీ వస్తువు అక్కడ ఉంటే ఆ ఆఫీసర్‌కి చెప్పండి, ఆయన చూసుకుంటారు. తల్లికి ఆ పెట్టె చేరినప్పుడు సగం వాడిన టూత్‌పేస్ట్ కూడా ఆమెకి విలువైనదే. మెమోరియల్‌కి పెట్టే బూట్లూ హెల్మెట్టూ కూడా అతనివే అవ్వాలని పట్టుబట్టకండి, సప్లై నుంచి అదే సైజు తీసుకుంటే చాలు.

సెరిమనీనా, సర్వీసా

ప్లాన్ మొదలుపెట్టే ముందు కమాండర్‌ని ఈ ప్రశ్న అడగాలి, ఎందుకంటే రెండూ ఒకటి కాదు. మెమోరియల్ సెరిమనీ అంటే కమాండ్ తరఫున జరిగే మిలటరీ కార్యక్రమం, యూనిట్ అంతా హాజరవ్వాలని ఆర్డర్ వెయ్యొచ్చు. మెమోరియల్ సర్వీస్ అంటే మతపరమైనది, ప్రార్థనలూ గ్రంథ పఠనం ఉంటాయి, దానికి రమ్మని ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు. రెండూ కలిపేసి, అందర్నీ ఆర్డర్ మీద పిలిచి ముప్పావు గంట ప్రసంగం పెడితే వచ్చినవాళ్ళలో సగం మందికి చనిపోయినవాడి మీద కాకుండా మిగతా వాటి మీద ఆలోచన పోతుంది. కావాలంటే సెరిమనీ అందరికీ పెట్టి, సాయంత్రం చాపెల్‌లో ఇష్టమున్నవాళ్ళకి సర్వీస్ పెట్టండి, నాకు అదే బాగుంటుందనిపిస్తుంది.

మతం సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. డాగ్ ట్యాగ్ మీద ఏం రాయించుకున్నాడో చూడండి, ఏమీ లేదంటే మన తరఫున ఒక మతం అంటించకండి. హిందూ సోల్జర్ అయితే కుటుంబం ఏం కోరుకుంటుందో వాళ్ళకి సాయంగా ఉండే క్యాజువాల్టీ ఆఫీసర్ ద్వారా చాప్లిన్ కనుక్కుంటారు, మీరు సొంతంగా ఫోన్ చెయ్యొద్దు. ఆర్మీలో మొదటి హిందూ చాప్లిన్‌గా 2011లో ప్రతిమా ధర్మ్ వచ్చారు గానీ ప్రతి బేస్‌లో హిందూ చాప్లిన్ ఉండరు కదా, ఉన్న చాప్లిన్ ఏ మతస్తుడైనా మీ కోసం ఏర్పాట్లు చేసి పెట్టటం ఆయన డ్యూటీలో భాగమే. గీత నుంచి రెండు శ్లోకాలు మనవాళ్ళెవరైనా చదవొచ్చు, అర్థం కూడా రెండు ముక్కల్లో చెప్తే అక్కడున్నవాళ్ళకి అందుతుంది. దీపం పెట్టాలంటే హాల్లో మంట పెట్టటానికి ఫైర్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ కావాలి, ముందు రోజే అడగండి, దొరక్కపోతే బ్యాటరీ దీపం పెట్టండి, తప్పేం లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎలా చనిపోయినా మెమోరియల్ జరగాల్సిందే, అది ఆర్మీ రూలు. యుద్ధంలో పోయినా, రోడ్డు మీద యాక్సిడెంట్ అయినా, గుండె ఆగినా, ఆత్మహత్య అయినా అవే బూట్లు, అదే రైఫిల్, అదే బ్యూగిల్. ఆత్మహత్య అయినప్పుడు కొంతమంది గొంతు తగ్గించి తొందరగా ముగించేద్దామంటారు, అస్సలు ఒప్పుకోకండి. అలాగని ఎలా చేసుకున్నాడో వర్ణించటం, ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు లాంటి మాటలు అనటం వద్దు, వినేవాళ్ళలో అదే ఆలోచనతో ఉన్నవాడు ఒకడు ఉండొచ్చు. అతని జీవితం గురించి మాట్లాడండి, సాయం ఎక్కడ దొరుకుతుందో స్పష్టంగా చెప్పండి.

రైఫిల్, హెల్మెట్, బూట్లు

స్టేజ్ ముందు పెట్టేదాన్ని సోల్జర్స్ క్రాస్ అంటారు, బ్యాటిల్‌ఫీల్డ్ క్రాస్ అని కూడా అంటారు. బయోనెట్ తగిలించిన రైఫిల్ తలకిందులుగా, దాని మీద హెల్మెట్, రైఫిల్‌కి వేలాడుతూ డాగ్ ట్యాగులు, ముందు ఒక జత బూట్లు. ప్రపంచ యుద్ధాల టైంలో యుద్ధభూమిలో పడిపోయినవాళ్ళు ఎక్కడున్నారో వెనక వచ్చేవాళ్ళకి తెలియటానికి ఇలా నేలలో రైఫిల్ గుచ్చి హెల్మెట్ పెట్టేవాళ్ళు, ఇప్పుడు అదే మన వీడ్కోలుకి నడిమి గుర్తు అయింది.

కట్టటం తేలికలాగే కనిపిస్తుంది. ముందు రోజు రాత్రి మొదలుపెట్టినవాళ్ళకి తెలుస్తుంది ఎంత సేపు పడుతుందో. ఆర్మ్స్ రూమ్ నుంచి తెచ్చిన రైఫిల్‌ని ఖాళీగా ఉందని ఇద్దరు చూడాలి. బయోనెట్ దిగటానికి చెక్కతో బరువైన స్టాండ్ చేయించి గాడి పెట్టించండి, ఎం4 రైఫిల్ పొట్టిది కాబట్టి హెల్మెట్ బరువుకి ముందుకి తూలుతుంది, గాడి వదులుగా ఉంటే వంగిపోతుంది. ఎడారి బేసుల్లో ఆరుబయట పెడితే స్టాండ్ లోపల ఇసుక సంచి దాచండి, ఎందుకంటే మధ్యలో గాలికి పడిపోతే ఆ శబ్దం అక్కడున్న ఎవరూ జీవితంలో మర్చిపోరు. డాగ్ ట్యాగులు కొత్తవి కొట్టించాలి, అసలువి అతనితోనే వెళ్తాయి. కొట్టించాక ఒక్కో అక్షరం చదవండి. బూట్లు శుభ్రంగా, లేసులు కట్టి, మడమలు కలిపి, వేళ్ళు జనం వైపు. హెల్మెట్ మీద ర్యాంక్ ఉండాలి, చనిపోయాక ప్రమోషన్ ఇచ్చి ఉంటే కొత్త ర్యాంకే, ఇది ఆఖరి నిమిషంలో మారుతుంటుంది కాబట్టి ప్రోగ్రాం ప్రింట్ చేసే ముందు పర్సనెల్ ఆఫీసులో ఇంకోసారి అడగండి.

ఒకేసారి ఇద్దరు ముగ్గురు పోయినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో క్రాస్, మధ్యలో సమానమైన ఖాళీ, ఫోటోలన్నీ ఒకే సైజు, ఒకే రకం ఫ్రేమ్. ర్యాంక్ ఎక్కువున్న ఆయనకి పెద్ద ఫోటో పెట్టటం లాంటివి చెయ్యకండి.

మాట్లాడేవాళ్ళకి

మామూలుగా స్నేహితుడు ఒకరు, స్క్వాడ్ లీడర్ ఒకరు, కమాండర్ ఒకరు మాట్లాడతారు, చాప్లిన్ చివర్లో కొద్దిగా. కార్యక్రమం అంతా కలిపి ముప్పావు గంట దాటకుండా చూడండి. అందరికంటే కష్టం స్నేహితుడిది, అందరికంటే గుర్తుండేది కూడా అతని మాటలే.

ఆ పని మీకే పడితే, ముందు రాయండి. చాలా మంచోడు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, అందరికీ సాయం చేసేవాడు అని రాస్తే అది ఏ మనిషికైనా సరిపోతుంది, అలాంటివి కొట్టేసి, అతను ఒక్కడే చేసే పనేంటో గుర్తు తెచ్చుకోండి. మోటర్ పూల్‌లో రెంచ్ వెతికేటప్పుడు పాడే పాట, తెల్లారుజామున గార్డ్ డ్యూటీకి మీకు కూడా కలిపి తెచ్చే కాఫీ, ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు కూతురికి చదివి వినిపించే కథల పుస్తకం. అలాంటివి రెండు చెప్తే చాలు, ఇంటివాళ్ళకి తెలియని వాళ్ళ అబ్బాయిని మీరు వాళ్ళకి ఇచ్చినట్టు. అయిదు నిమిషాలు మించొద్దు. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకోండి, కన్నీళ్ళలో చిన్న అక్షరాలు కనపడవు. ఇంకో కాపీ పక్కవాడి చేతిలో పెట్టి, నా గొంతు ఆగిపోతే నువ్వొచ్చి చదువు అని ముందే చెప్పి ఉంచండి, అలా చదివించుకున్నందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

ఎలా చనిపోయాడనేది మాత్రం మాట్లాడకండి. విచారణ ఇంకా నడుస్తూ ఉంటుంది, మీకు తెలిసింది సగమే అయ్యుండొచ్చు, ఆ సగం వీడియోలో ఉండిపోతుంది, రేపు రిపోర్టులో వేరేగా వస్తే తల్లిదండ్రులు ఏది నమ్మాలి. ఆపరేషన్ వివరాలు, ఊళ్ళ పేర్లు కూడా వద్దు.

లాస్ట్ రోల్ కాల్

సెరిమనీలో గుండెకాయ ఇది. ఫస్ట్ సార్జెంట్ ముందుకొచ్చి రోజూ ఫార్మేషన్‌లో పిలిచినట్టే పేర్లు పిలుస్తారు. ఇద్దరు ముగ్గురు సోల్జర్లు తమ పేరు వచ్చినప్పుడు లేచి ఉన్నానని జవాబిస్తారు. తర్వాత చనిపోయినాయన పేరు. మొదట ర్యాంకూ ఇంటిపేరూ. జవాబు ఉండదు. రెండోసారి ర్యాంకు, పేరు, ఇంటిపేరు. మూడోసారి మధ్య పేరుతో సహా పూర్తి పేరు. ఒక్కో పిలుపుకీ మధ్య ఖాళీ తొందరపడకుండా వదలాలి, మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెట్టమని నేను ఫస్ట్ సార్జెంట్‌లకి చెప్తుంటా, ఆ టెన్షన్‌లో వాళ్ళకి రెండు సెకన్లే చాలా పొడుగ్గా అనిపిస్తుంది మరి.

పేరు ఎలా పలకాలో తప్పకుండా కనుక్కోండి. మన పేర్లే తీసుకోండి, యూనిట్‌లో నాలుక తిరగక ముక్కలు చేసి ముద్దుపేరు పెట్టి పిలుస్తారు, అది స్నేహంలో బాగానే ఉంటుంది, కానీ ఈ మూడు పిలుపులూ ఇంటివాళ్ళు వినేవి. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళకీ, పసిఫిక్ దీవుల వాళ్ళకీ, వియత్నాం వాళ్ళకీ ఇదే బాధ. ఆ భాష వచ్చిన మనిషిని బేస్‌లో వెతకండి, దొరక్కపోతే క్యాజువాల్టీ ఆఫీసర్ ద్వారా ఇంటివాళ్ళ నుంచే తెలుసుకోండి, వాయిస్ రికార్డ్ దొరికితే ఇంకా మంచిది. ఇంగ్లీషులో పలికినట్టే అక్షరాలు విడగొట్టి కార్డు మీద రాసి ఫస్ట్ సార్జెంట్ చేత పైకి చదివించండి, సరిగ్గా వచ్చేదాకా. పెద్ద ర్యాంకు వాళ్ళకి చెప్పటానికి జంకకండి, నేను చూసిన ప్రతి ఫస్ట్ సార్జెంట్ దీనికి థాంక్స్ చెప్పినవాళ్ళే.

తుపాకులు, ట్యాప్స్

మూడో పిలుపు తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఫైరింగ్ పార్టీ మూడుసార్లు కాలుస్తుంది. మామూలుగా ఏడుగురు ఉంటారు కాబట్టి చాలామంది ఇరవై ఒక్క తుపాకుల వందనం అంటారు, అది వేరు, అది ఫిరంగులతో దేశాధినేతల స్థాయిలో ఇచ్చేది. ఇది మూడు వాలీలు, వాలీ అంటే అందరూ కలిసి ఒకేసారి కాల్చటం. పాతకాలంలో యుద్ధం ఆపి చనిపోయినవాళ్ళని తీసుకెళ్ళి, అయిపోయిందని చెప్పటానికి మూడుసార్లు కాల్చేవాళ్ళంటారు.

విదేశంలో ఇది జాగ్రత్తగా చెయ్యాలి. రాకెట్లు పడే బేస్‌లో అయితే ముందే లౌడ్‌స్పీకర్లలో ఫలానా టైంకి ఫైరింగ్ ఉంటుందని చెప్పించాలి, లేకపోతే బంకర్లలోకి పరుగులు పెడతారు, ఎయిర్‌ఫీల్డ్ టవర్‌కీ గేటు గార్డులకీ విడిగా చెప్పాలి. జర్మనీ, జపాన్ లాంటి చోట గోడ అవతలే జనం ఉంటారు, బ్లాంక్స్ (గుండు లేని తూటాలు) కాల్చటానికి అక్కడి రూల్స్ ఏంటో బేస్ హోస్ట్ నేషన్ ఆఫీసులో కనుక్కుని స్థానిక పోలీసులకి తెలియజేయండి. హాల్లో కూర్చున్నవాళ్ళకి కూడా ప్రోగ్రాంలో ఒక లైను రాయండి, అతను ఏదైనా దాడిలో పోయి ఉంటే అందులో బతికినవాళ్ళు అక్కడే ఉంటారు, మొదటి వాలీకి ఉలిక్కిపడటం కాదు, ఒళ్ళంతా వణికిపోతుంది, వాళ్ళ పక్కన మనిషిని కూర్చోబెట్టండి.

ఫైరింగ్ కుదరకపోతే గౌరవం తగ్గిపోయిందని బాధపడకండి. ట్యాప్స్, అంటే బ్యూగిల్ అనే బాకా మీద ఊదే వీడ్కోలు పిలుపు, అంత్యక్రియల్లోకి వచ్చిందే అలా. 1862లో అమెరికన్ సివిల్ వార్ నడుస్తుండగా వర్జీనియాలో జనరల్ డేనియల్ బటర్‌ఫీల్డ్ తన బ్యూగిలర్ ఆలివర్ నార్టన్‌తో కలిసి రాత్రి దీపాలార్పే పిలుపుకి ఈ ఇరవై నాలుగు స్వరాలు కట్టాడు, అదే ఏడాది కెప్టెన్ జాన్ టిడ్‌బాల్ తన ఫిరంగి దళంలో ఒక సైనికుణ్ణి పూడ్చిపెట్టాల్సి వచ్చింది, శత్రువు మరీ దగ్గర్లో ఉన్నాడు, తుపాకులు పేలిస్తే యుద్ధం మళ్ళీ మొదలైందనుకుంటారని వాటికి బదులు ట్యాప్స్ ఊదించాడు. అంటే తుపాకులు లేకుండా ఒక్క ట్యాప్స్‌తో పంపటం కొత్తేం కాదు, మొదట జరిగిందే అలా.

బ్యూగిల్ ఊదేవాళ్ళు దొరక్కపోతే, లోపల చిన్న డిజిటల్ పరికరం పెట్టిన సెరిమోనియల్ బ్యూగిల్ ఉంటుంది, ఊదినట్టు పట్టుకుంటే అదే మోగుతుంది. బ్యాటరీ కొత్తది వెయ్యండి, స్పేర్ జేబులో పెట్టుకోండి. నిజంగా ఊదేవాడుంటే ఒకటి రెండు స్వరాలు తప్పినా నాకు అదే ఇష్టం. ఊదే మనిషిని జనానికి కాస్త దూరంగా, వీలైతే కనపడకుండా నిలబెట్టండి. యూనిఫాంలో ఉన్నవాళ్ళు మొదటి స్వరం నుంచి ఆఖరి స్వరం దాకా సెల్యూట్, సివిలియన్లు గుండె మీద చెయ్యి.

చివరి సెల్యూట్

తర్వాత ఇద్దరిద్దరుగా క్రాస్ దగ్గరికి వెళ్తారు. ఒక్కొక్కరూ ఒక్కోలా, కొందరు మోకాలి మీద కూర్చుంటారు, డాగ్ ట్యాగులు చేత్తో పట్టుకుంటారు, బూట్ల దగ్గర యూనిట్ కాయినో భుజం మీది ప్యాచో పెడతారు, లేచి నెమ్మదిగా సెల్యూట్ చేసి వెనక్కి తిరుగుతారు. లైన్‌ని తొందరపెట్టకండి. ప్లాటూన్ వాళ్ళని ఆఖర్న పెట్టండి, ముందు పెడితే వెనక లైన్ చూసి వాళ్ళే తొందరపడి లేచిపోతారు. పెట్టిన కాయిన్లూ ఉత్తరాలూ అన్నీ ఒక పెట్టెలోకి తీసి కుటుంబానికి పంపుతారు, ఒక్కటి కూడా పోకూడదు.

పిలవటం మర్చిపోయే మనుషులు కొందరుంటారు. డైనింగ్ హాల్లో రోజూ అతనికి వడ్డించినాయన, కొరియాలో అయితే అదే స్క్వాడ్‌లో పనిచేసే కటుసా కుర్రాళ్ళు (అమెరికన్ యూనిట్లలో ఉండే కొరియా సైనికులు), ఇంటర్‌ప్రెటర్, పక్క దేశం సైన్యం వాళ్ళు. స్థానికులకి ఆ చోటుకి రావటానికి పాస్ కావాలి, రెండు రోజుల ముందు అడగాలి. వెనక వరసలో వాళ్ళకి కుర్చీలు వెయ్యండి, ఆతిథ్యమిచ్చే దేశం అధికారులు వస్తే వాళ్ళ జాతీయగీతం కూడా పెట్టాలా అని ప్రోటోకాల్ వాళ్ళని అడగండి.

జెండా సగానికి దించటం బేస్ కమాండర్ ఆర్డర్ మీదే. దించేటప్పుడు ముందు పైదాకా ఎక్కించి అప్పుడు సగానికి తేవాలి, సాయంత్రం తీసేటప్పుడు కూడా మళ్ళీ పైదాకా ఎక్కించి దించాలి.

ఇంటివాళ్ళకి పంపేవి

వీడియో బాగా తియ్యండి, రెండు కెమెరాలు, మైకు నుంచి నేరుగా ఆడియో. ఏడుస్తున్నవాళ్ళ మొహాల మీదకి కెమెరా తిప్పొద్దు. కుటుంబం లైవ్ చూడాలనుకుంటే టైం తేడా చూసి లింక్ ఇస్తారు, ఆ ఏర్పాటు కూడా క్యాజువాల్టీ ఆఫీసర్ ద్వారానే. ఒక పుస్తకం పెట్టి అందరిచేతా చేతిరాతతో రాయించండి, టైప్ చేసినవి వద్దు. ఉత్తరంలో ఎలా పోయాడో, నొప్పి పడ్డాడా లేదా అనేవి రాయకండి, ఏం కావాలన్నా నేనున్నా లాంటి నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి. అతనితో గడిచిన ఒక రోజు రాయండి. తల్లిదండ్రులకి ఇంగ్లీషు రాకపోతే వాళ్ళ భాషలో రాయగలిగినవాళ్ళు బేస్‌లో ఉన్నారేమో చూడండి, తెలుగు ఇల్లయితే ఆ పని మనదే.

పేరు నిలబెట్టటం

చాలామందికి చేతికి పేరు చెక్కిన నల్ల బ్రేస్‌లెట్ పెట్టుకోవాలనుంటుంది, యూనిఫాం రూల్స్ ఒకటి ఒప్పుకుంటాయి. మెమోరియల్ డే మే నెల ఆఖరి సోమవారం, ఆ రోజు చాలా బేసుల్లో మర్ఫ్ అనే వ్యాయామం చేస్తారు, 2005లో అఫ్గానిస్తాన్‌లో చనిపోయిన నేవీ సీల్ లెఫ్టినెంట్ మైకేల్ మర్ఫీ పేరు మీద, ఒక మైలు పరుగు, 100 పుల్ అప్స్, 200 పుష్ అప్స్, 300 స్క్వాట్స్, మళ్ళీ మైలు పరుగు. మీ యూనిట్ వాళ్ళ పేరు మీద కూడా ఇలా ఒక పరుగు పెట్టుకోవచ్చు.

బిల్డింగ్‌కో రోడ్డుకో పేరు పెట్టాలంటే అది పర్మనెంట్ పని, మెమోరియలైజేషన్ అంటారు, దానికి ఆర్మీలో విడిగా రెగ్యులేషన్ ఉంది, ప్రతిపాదన కాగితం మీద వెళ్ళాలి, అతని సేవా రికార్డు జత చెయ్యాలి, కుటుంబం ఇష్టం కూడా కనుక్కోవాలి. టైం పడుతుంది, పట్టనివ్వండి. కొరియాలో క్యాంప్ బోనిఫాస్ చూడండి, రెండు కొరియాల సరిహద్దులోని పాన్‌మున్‌జోమ్ దగ్గర 1976 ఆగస్ట్ 18న చంపేసిన కెప్టెన్ ఆర్థర్ బోనిఫాస్ పేరు ఆ క్యాంప్‌కి వచ్చింది సరిగ్గా పదేళ్ళకి, 1986లో. కువైట్‌లో క్యాంప్ బ్యూరింగ్ 2003 అక్టోబర్‌లో బాగ్దాద్‌లో రాకెట్ దాడిలో పోయిన లెఫ్టినెంట్ కల్నల్ చార్ల్స్ బ్యూరింగ్ పేరు. ఒకినావాలో క్యాంప్ హాన్సెన్, ష్వాబ్, ఫోస్టర్, కిన్సర్ అన్నీ 1945 యుద్ధంలో అక్కడే పోయిన మెరైన్ల పేర్లు.

వీటికి చాలా ముందే యూనిట్ స్థాయిలో ఒక ఫలకం పెట్టుకోవచ్చు, జిమ్ దగ్గరో, మోటర్ పూల్ గోడ మీదో, అతను ఎక్కువగా ఉండే చోట. కాంక్రీట్ గోడ మీద పెయింట్ వెయ్యొద్దు, బేసులు మూతపడతాయి, గోడలు అక్కడే మిగిలిపోతాయి. లోహపు ఫలకం చేయించి నాలుగు బోల్టులతో బిగించండి, ఎప్పుడైనా విప్పుకుని వెళ్ళటానికి వీలుగా. మీ డిప్లాయ్‌మెంట్ అయిపోయి వెళ్ళేటప్పుడు, కొత్తగా వచ్చే యూనిట్‌కి అప్పగించే లిస్టులో ట్రక్కులూ జనరేటర్లతో పాటు ఆ ఫలకం కూడా రాయండి, ఎక్కడుంది, ఎవరిది, బేస్ మూసేస్తే ఏ హెడ్‌క్వార్టర్స్‌కి పంపాలి అని, అవతలి ఫస్ట్ సార్జెంట్‌ని అక్కడిదాకా తీసుకెళ్ళి చూపించి సంతకం తీసుకోండి.